రాతి మఠాల దేశం ఆర్మేనియా

ప్రపంచ పటంలో టర్కీకి తూర్పున, ఇరానుకు ఉత్తరాన ఆర్మేనియా అనే చిన్న దేశం ఉంది. అక్కడి కొండలనూ, మఠాలనూ విడదీసి చూడలేం. రెంటికీ తల్లి ఒక్కటే, అగ్నిపర్వతం.

ఒకప్పుడు పొంగిన లావా చల్లారుతూ కుంచించుకుపోయి పగుళ్ళిచ్చింది. గార్నీ లోయలో ఆ పగుళ్ళ మూలంగానే రాయి అయిదారు పలకల స్తంభాలుగా, ఎవరో వరుసగా పేర్చినట్టు కనిపిస్తుంది. ఎగసిన బూడిద గట్టిపడి టఫ్ అనే రాయి అయింది. అది తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. చాలా చర్చిలు ఆ రాతితో కట్టినవే. గార్నీకి దగ్గరలోని గెఘార్డ్ మఠంలోనైతే 13వ శతాబ్దపు శిల్పులు ఏకంగా కొండనే తొలిచి మందిరాలు చేశారు. లోపల ఊట నీరు ఇప్పటికీ పారుతోంది.

ఆ పైనున్న గెఘామా కొండలెక్కాలంటే మామూలు కారు చాలదు. నాలుగు చక్రాలూ లాగే జీపు కావాలి. రోడ్డంటూ ఉండదు, రాళ్ళూ గడ్డీ తప్ప. 3,597 మీటర్ల అఝ్దహాక్ శిఖరం నోట్లో ఓ చెరువుంది! మంచు కరిగాక, నడివేసవిలోనే వెళ్ళాలి. అప్పుడైనా ఉన్నిబట్టలు మరవకండి. మబ్బు కమ్మితే దారి తెలియదు, స్థానిక డ్రైవరు లేనిదే కదలకండి.

కొండలు దిగి మైదానంలోకొస్తే ఖోర్ విరాప్ మఠం. దానికెదురుగా 5,137 మీటర్ల అరరాత్. ఆర్మేనియా రాజచిహ్నంలో ఉన్న కొండ అదే. కానీ ఉన్నది టర్కీలో! 1993లో ఆ సరిహద్దు మూతపడింది. పుట్టిల్లు కళ్ళెదుటే కనబడుతున్నా గడప తొక్కలేకపోతే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?