గర్భాశయ ముఖమున పుట్టు రాచపుండు – జీవకణములలోని మార్పులు

మన అమీన్‌పూరునందు గాని, పొరుగుననున్న పటాన్‌చెరువునందు గాని ఒక స్త్రీకి రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టినదని తెలిసినప్పుడు జనులు సాధారణముగా రెండు మాటలు చెప్పుకొందురు. "ఇది కర్మాగారముల పొగవలనను, విషజలములవలనను వచ్చినది" అనునది మొదటి మాట. "ఇది వారి వంశముననే యున్నది" అనునది రెండవ మాట. ఈ ప్రాంతపు వాగులును చెరువులును రసాయన మలినములచే చెడిన సంగతి అందరు నెరిగినదే. దాని కీడును మేము తక్కువచేసి చెప్పుట లేదు. కాని గర్భాశయ ముఖమున పుట్టు క్యాన్సరునకు మూలకారణము పొగయు కాదు, నీరును కాదు, వంశమును కాదు. రెండవ మాటవలన కలుగు నష్టము మరింత గొప్పది. తల్లికి ఈ వ్యాధి వచ్చినదన్న కారణమున కుమార్తెకు కుదిరిన పెండ్లి సంబంధము తప్పిపోవుటయు, ఆ భయముచేతనే తల్లి తన బాధను దాచుకొనుటయు కలదు. కావున ఈ వ్యాధి యెట్లు పుట్టునో విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియునట్లు వివరింప దలచితిమి.

2022వ సంవత్సరపు అంచనాల ప్రకారము భారతదేశమున ఆ యొక్క యేడే సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కలిగినది. సుమారు 80,000 మంది దీనిచే మరణించిరి. ముందుగా కనుగొన్నచో నివారింప దగిన వ్యాధిచే ఇందరు మరణించుట మిక్కిలి విచారకరము.

మన దేహము లెక్కకు మిక్కిలియగు జీవకణములతో నిర్మింపబడినది. కణమధ్యమునందలి కేంద్రమున 23 జతల క్రోమోజోములు గలవు. వీనియందు జన్యువు లుండును. జన్యువనగా కణము ఏ పదార్థమును ఎప్పుడు తయారు చేయవలెనో తెలుపు ఆజ్ఞాపత్రము వంటిది. మానవునకు ఇట్టి జన్యువులు సుమారు 20,000 కలవు. వీనిలో కొన్ని కణమును రెండుగా విభజింప ప్రోత్సహించును. కొన్ని ఆ విభజనను అరికట్టును. మరి కొన్ని చెడిన భాగములను బాగుచేయును. ఈ మూడు పనులును సరిగా సాగినంతకాలము శరీరము ఆరోగ్యముగా నుండును. అరికట్టు జన్యువులు పనిచేయక, ప్రోత్సహించు జన్యువులు మితిమీరి పనిచేసినచో కణములు అదుపులేక పెరుగును. అదియే క్యాన్సరు.

గర్భాశయ ముఖమున ఈ అదుపు తప్పించునది మానవ పాపిల్లోమా వైరసు అను అతిసూక్ష్మమైన క్రిమి. దీనియందు 200కు మించిన రకములు గలవు; వానిలో ఇంచుమించు పండ్రెండు మాత్రమే అపాయకరములు. జర్మనీ దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు హారాల్డ్ త్సూర్ హౌజెన్‌గారు తమ సహచరులతో గూడి 1983లో 16వ రకమును, మరుసటి యేట 18వ రకమును ఈ క్యాన్సరు కణములనుండి వేరుచేసి చూపిరి. ఇందులకై వారికి 2008లో నోబెల్ బహుమాన మొసగబడెను. లోకమునందలి ఈ క్యాన్సరులలో దాదాపు నూటికి 70 పాళ్లు ఈ రెండు రకములవలననే కలుగుచున్నవి.

ఈ వైరసు చేయు పని యెట్టిదో చూతము. మన కణములలో ఇద్దరు కాపరు లున్నారనుకొనుడు. మొదటివానికి శాస్త్రజ్ఞులు పీ53 అని పేరిడిరి. జన్యువులు చెడినచో ఇతడు కణవిభజనను నిలిపివేసి, వానిని బాగుచేయించును. బాగుచేయుట సాధ్యము కానిచో ఆ కణమునే చావనిచ్చును. రెండవవాని పేరు ఆర్‌బీ. తగిన సమయము వచ్చువరకు కణము విభజన చెందకుండ ఇతడు పట్టియుంచును. వైరసునందు ఈ6, ఈ7 అను రెండు జన్యువులు గలవు. ఈ6 తయారుచేయు పదార్థము పీ53ను నశింపజేయును. ఈ7 తయారుచేయు పదార్థము ఆర్‌బీని నిర్వీర్యము చేయును. కాపరు లిరువురును లేని పొలమువలె కణము రక్షణ లేనిదగును.

అయినను ఇంతమాత్రముననే క్యాన్సరు పుట్టదు. పెక్కు సందర్భములలో వైరసు యొక్క జన్యుభాగము కాలక్రమమున తెగి, మన క్రోమోజోములోనే అతుకుకొనును. అట్లు తెగునప్పుడు ఈ6, ఈ7లను మితముగా నుంచు ఈ2 అను వైరసు జన్యువు తరచుగా చెడిపోవును. అప్పుడా రెండును అడ్డులేక పనిచేయును. తప్పులను దిద్దువారు లేనందున విభజన జరిగిన కొలది కణమునందు క్రొత్త తప్పులు చేరుచుండును. 3వ క్రోమోజోము యొక్క పొడవైన భాగము అధికముగా చేరుట ఈ వ్యాధిలో తరచుగా కానవచ్చు మార్పు. ఆ భాగమున, కణమునకు ముసలితనము రాకుండ చేయు టెలోమరేజు అను పదార్థమునకు సంబంధించిన జన్యువు గలదు. కణవృద్ధిని ప్రోత్సహించు పీఐకే3సీఏ అను జన్యువును గలదు. ఇట్లు ఒకదానిపై నొకటి మార్పులు కూడినప్పుడే కణము చావు నెరుగని దగును.

దీనికి ప్రసిద్ధమైన నిదర్శన మొకటి గలదు. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రో జాతి స్త్రీ ఈ వ్యాధిచే మరణించెను. ఆమె అనుమతి లేకయే తీసిన కణములు హీలా కణములను పేర నేటికిని ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. వానియందు 18వ రకపు వైరసు జన్యువులు గలవు. ఈ6, ఈ7ల పనిని అణచినప్పుడు ఆ కణములలో కాపరులు మరల మేల్కొనుటయు, కణవృద్ధి ఆగిపోవుటయు శాస్త్రజ్ఞులు చూచిరి. ఏండ్లు గడచినను ఆ రెండు జన్యువులే వ్యాధిని నడుపుచున్నవని దీనివలన రుజువైనది.

ఇచట చదువరులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మున్నది. "జన్యువులలో మార్పు" అనగానే అది తల్లినుండి బిడ్డకు వచ్చునని పలువురు తలచెదరు. అది పొరపాటు. పైన చెప్పిన మార్పులు గర్భాశయ ముఖమునందలి కొన్ని కణములలో, ఆ స్త్రీ జీవితకాలముననే కలుగును. బిడ్డ పుట్టుటకు మూలమైన అండమునందు అవి చేరవు. కావున తల్లి వ్యాధిని జూచి కుమార్తెను నిరాకరించుట అజ్ఞానము. ఈ వైరసు స్త్రీపురుషుల శరీర సంసర్గముచే వ్యాపించునది, మిక్కిలి సాధారణమైనది, ధర్మబద్ధమైన కాపురముననుండు ఇల్లాలికిని భర్తవలన సోకవచ్చును. ఆమె నడవడిని శంకించుటయు అన్యాయమే.

వైరసు సోకిన వారందరికిని క్యాన్సరు రాదు. 2005లో ప్రచురింపబడిన ఒక ఆంధ్రప్రదేశ్ పరిశోధనలో క్యాన్సరు సోకిన స్త్రీలలో పదింట తొమ్మండ్రకు దగ్గరగా అపాయకరమైన వైరసు కనబడినది. ఆరోగ్యముగానున్న స్త్రీలలో గూడ ఇంచుమించు పదింట ఒకరికి కనబడినది. పెక్కుమందిలో శరీరమే రెండేండ్లలోపున దానిని తొలగించుకొనును. తొలగక నిలిచిన కొందరిలోనే వ్యాధి ముదురును. అందులకును సాధారణముగా 15 మొదలు 20 ఏండ్లు పట్టును. పొగత్రాగుట, శరీరబలము క్షీణించుట ఈ ముదురుటకు తోడ్పడును.

ఈ దీర్ఘకాలమే మనకు దొరికిన గొప్ప అవకాశము. మహారాష్ట్రమునందలి ఉస్మానాబాదు జిల్లాలో లక్షకు పైబడిన స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. వైరసు జన్యుపరీక్ష ఒక్కమారు చేయించుకొన్న సమూహమున ఈ వ్యాధిచే కలుగు మరణములు ఇంచుమించు సగమునకు తగ్గెను. 35 ఏండ్లలోపున ఒకమారును, 45 ఏండ్లలోపున మరియొకమారును ఈ పరీక్ష చేయించుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడుట, నెలసరి కాని దినములలో రక్తస్రావము, దుర్వాసన గల స్రావము – ఇట్టివి కలిగినచో ఆలస్యము చేయరాదు. హైదరాబాదునందు 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి మన ఊరికి దూరము కాదు.

బాలికలకు 9 మొదలు 14 ఏండ్ల ప్రాయమున వేయు టీకా వైరసు సోకకుండ కాపాడును. ఇదివరకే సోకినదానిని మాత్రము తొలగింపదు. ఖమ్మము జిల్లాలో 2009లో వేలకొలది బాలికలకు ఈ టీకా వేసిరి. కొందరు బాలికలు మరణించిరన్న వార్తలు రాగా 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమైనట్లు విచారణలో తేలలేదు. కాని వసతిగృహములలోని బాలికల తల్లిదండ్రులకు మారుగా వార్డెనులు అనుమతిపత్రములపై సంతకములు చేసిరని తేలినది. మందు మంచిదైనను, తెలిపి వేయవలెనే గాని తెలుపక వేయరాదు. తల్లిదండ్రులు వైద్యులను ప్రశ్నించి, విషయము గ్రహించి, పిదప సమ్మతించుట ఉత్తమము.

విద్యార్థులారా, మీరు చదివిన ఈ నాలుగు ముక్కలను ఇంటికి పోయి మీ తల్లులకును, మేనత్తలకును, పినతల్లులకును చదివి వినిపింపుడు. ఈ వ్యాధి శాపము కాదు, వంశదోషము కాదు, సిగ్గుపడ దగినది అంతకన్న కాదు. కణములలో మెల్లగా జరుగు మార్పులకు మందును, వ్యవధియు గలవు. దాచుకొన్న బాధకు మాత్రమే మందు లేదు.