పాత వయోలానా, కొత్తదా? ఎవలికి ఏది అక్కరకొస్తది?

వయోలా అంటె మనల శానమందికి తెల్వది. చూడనీకి వయొలిన్ లెక్కనే ఉంటది గని జర పెద్దది, గొంతు మందం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ దీన్ని గూడ వాయించిండు, మనకు దీంతోటి ఉన్న సుట్టరికం ఎక్కువల ఎక్కువ అదే. అసలు ఊరు యూరప్. ఆడ వాయించేటోళ్లకు ఎప్పటికీ తెగని పంచాయితి ఒకటుంది: వందల ఏండ్ల పాతది కొనాల్నా, ఇప్పటి కార్ఖానల చేసింది కొనాల్నా?

పైసల ముచ్చట ముందు మాట్లాడుకుందాం. స్ట్రాడివారి 1719ల చేసిన ‘మెక్‌డొనాల్డ్’ వయోలాను 2014ల సోదబీస్ అమ్మకానికి పెట్టింది. తక్కువల తక్కువ 4.5 కోట్ల డాలర్లు అన్నరు. ఎవలూ కొనలే. ఆయన చేతి వయోలాలు ఇయ్యాల డజనుకు అటుఇటుగనే మిగిలినయ్. అంటె గా ధరల నాదం కన్న కరువు పాలే ఎక్కువ. భూమి లెక్క, బంగారం లెక్క ఇది గూడ ఉన్నోళ్ల పెట్టుబడి సరుకైంది. వాయించి బతికేటోడు దాన్ని ముట్టుడు గూడ కష్టమే.

మరి పాతదే బాగ మోగుతదా? 2012ల పారిస్ కాడ క్లాడియా ఫ్రిట్జ్ అనే శాస్త్రవేత్త బృందం పదిమంది పేరున్న వయొలిన్ కళాకారులకు ఏది పాతదో ఏది కొత్తదో తెల్వకుంట పన్నెండు వయొలిన్లు ఇచ్చింది. సగం పాతయి, సగం కొత్తయి. ఆరుగురు కొత్తదాన్నే ఏరుకున్నరు. అది వయొలిన్ల పరీక్ష, వయోలాలది కాదు, నిజమే. గని పాతదంటె కండ్లు మూసుకొని మొక్కేటోళ్లు జర ఆలోచించాలె.

వయోలాకు ఇంకో తిప్పలుంది, అది కొలత. వయొలిన్ డొల్ల సుమారు 14 అంగుళాలు, అది ఖాయం. వయోలాకు ఖాయం లేదు, 15 నుంచి 17 దాంక ఉంటయ్. కింది తీగ నిండుగ పలకాల్నంటె ఇంకా పెద్దగుండాలె, గని చెయ్యి అందదు. గందుకే పాత పెద్ద వయోలాలను శానా మటుకు కోసి చిన్నగ చేసిండ్రు, మెడలు గూడ మార్చిండ్రు. ‘పాతది’ అని అమ్మేదాంట్ల అసలుది ఎంత మిగిలిందో అడగాలె. 1930లల లయొనెల్ టెర్టిస్ 16¾ అంగుళాల కొత్త నమూనా గీయించింది గీ తిప్పలకే.

ఆర్కెస్ట్రాల రోజంత వాయించేటోడు తన భుజం చూసుకొని కొత్తది చేయించుకునుడే మేలు. డేవిడ్ రివినస్ లాంటోళ్లు ఒంటికి ఒదిగేటట్టు వంకర ఆకారంల గూడ చేసిండ్రు. ఎండల, వానల తిరిగేటోనికి కార్బన్ ఫైబర్‌ది ఉంది, పగుళ్ల భయం లేదు. నలుగురు కలిసి వాయించే క్వార్టెట్ల మాత్రం మంచి పాతదాని మెత్తటి నాదం ఇంపుగ కలుస్తదని చెప్పేటోళ్లున్నరు. బరోక్ కాలపు పాటలు వాయించాల్నంటె పాత తీరుది కావాలె, గని అప్పటి నమూనా చూసి ఇప్పుడు చేసింది గూడ నడుస్తది.

లోపట ‘స్ట్రాడివారి’ చీటీ కనవడితె మురవకుండ్రి. జర్మనీ, బొహీమియా కార్ఖానలు లెక్కలేనన్ని వాయిద్యాలల్ల గసొంటి చీటీలు అంటించినయ్. కొనే ముందు వారం రోజులు ఇంటికి తెచ్చుకోవాలె. పెద్ద హాలుల వాయించి, అవతలి గోడ కాడ ఒకర్ని నిలవెట్టి కింది తీగ ఎంత వినవడ్తుందో అడగాలె.