ఉత్సవములలో సబ్‌వూఫరు పెట్టెలు: దాతలకు మనవి

అంతర్వేది తీర్థము మొదలుకొని గ్రామములలోని నవరాత్రి పందిళ్ల వరకు మైకుసెట్టు లేని ఉత్సవము నేడు అరుదు. అందు సబ్‌వూఫరు పెట్టెలు మృదంగపు ఎడమ ముఖము, డోలు పలుకు మంద్రధ్వనికే ఉపకరించును. పురాణ ప్రవచనమునకు వీనితో పనిలేదు.

పెట్టె యొక్కటికి విద్యున్నిరోధము సాధారణముగా 8 ఓములు. రెంటిని సమాంతరముగా కలిపినచో 4 ఓములు, నాల్గింటిని కలిపినచో 2 ఓములు అగును. నిరోధము తగ్గినకొలది ఆంప్లిఫయరుపై భారము హెచ్చును. 4 ఓములకు తగ్గరాదని వ్రాసియున్న యంత్రమునకు, ఒకే చానలుపై నాల్గు పెట్టెలు తగిలించినచో అది వేడెక్కి ఆగిపోవును, లేదా కాలిపోవును. పైన తాటాకు పందిరి యున్నచో ఆ నిప్పు యంత్రముతోనే ఆగదు. కావున మరికొన్ని పెట్టెలు ఇచ్చుటకంటె రెండవ ఆంప్లిఫయరు ఇచ్చుట మేలు.

మరియొక చిక్కు కలదు. ప్రక్కప్రక్కనున్న రెండు పెట్టెలలో ఒకదానికి ధన, ఋణ తీగలు తారుమారైనచో, ఒకటి గాలిని ముందునకు త్రోయునపుడు రెండవది వెనుకకు లాగును. రెండును పనిచేయుచున్నను మంద్రధ్వని క్షీణించును. కారణమెరుగని మైకువాడు శబ్దము పెంచును. లోపలి తీగచుట్ట మాడును. తీగలు మార్చుటకు నిమిషము చాలును!

ఇక తీగల సంగతి. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ 30 మీటర్ల దూరము పోయి తిరిగివచ్చుసరికి నిరోధము సుమారు 1 ఓము. 4 ఓముల పెట్టెలకు పంపిన శక్తిలో ఐదవ వంతు త్రోవలోనే వేడిగా పోవును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో ఈ నష్టము సగమునకు పైగా తగ్గును. పెట్టెపై దాత నామధేయము వ్రాయవచ్చును, తీగపై వీలుకాదు. అందుచేతనే కాబోలు తీగలకు దాతలు దొరకరు.

గోదావరి గట్టున తడినేలపై భక్తులు పాదరక్షలు లేక నిలుతురు. జనరేటరుకు సరియైన ఎర్తు, లీకేజీని గుర్తించి కరెంటు తెంచు బ్రేకరు అమర్చిన పిదపనే మైకుసెట్టుకు విద్యుత్తు ఇయ్యవలయును.