ఫైలు మార్గమధ్యమున ఆగుట: కారణములును నివారణోపాయములును

గడచిన సంవత్సరము మన వార్షిక సంచిక అచ్చై వచ్చినప్పుడు దానిలో చివరి పండ్రెండు పుటలు లేకుండెను. పదవ తరగతి విద్యార్థుల ఛాయాచిత్రములును, ఆటల పందెముల ఫలితములును ఆ పుటలలోనివే. సంచికను ఎఫ్.టి.పి. మార్గమున అచ్చుకూటమునకు పంపిన విద్యార్థిని పిలిచి మేము గట్టిగా మందలించితిమి. "అయ్యా, ఫైలు నూటికి నూరుపాళ్లు వెళ్లుట నా కన్నులార చూచితిని" అని అతడు చెప్పెను. మేము నమ్మలేదు. కొన్ని వారములకు పిమ్మట, యంత్రములు తమ పనులను వరుసగా వ్రాసికొను లాగ్ ఫైళ్లను తెప్పించి, మావియు అచ్చుకూటమువారివియు ప్రక్కప్రక్కన నుంచి చదువగా అతడు చెప్పినది సత్యమని తేలెను. ఆ సత్యమును గుర్తించుటకు మేము నేర్చుకొనవలసి వచ్చిన సంగతులనే ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

ఎఫ్.టి.పి. అనగా ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. ఒక కంప్యూటరునుండి మరియొక దానికి ఫైళ్లను చేరవేయుటకు ఏర్పడిన నియమావళి. దీని మొదటి రూపమును 1971వ సంవత్సరము ఏప్రిలు నెలలో వ్రాసినవారు మన దేశస్థులగు అభయ్ భూషణ్ గారు. ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో పట్టము పొంది, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదువుచున్న కాలమున దీనిని రచించిరి. 1985లో జాన్ పోస్టెల్, జాయిస్ రెనాల్డ్స్ అనువారు సవరించి ప్రకటించిన రూపమే నేటికిని దీనికి ఆధారము. 1971 నాటికి వలలో కలిసియున్న యంత్రములు బహుకొద్ది. ఏ యంత్రమైనను మరియొక దానిని నేరుగా పిలువవచ్చును. నడుమ కావలివారు లేరు. ఇప్పుడట్లు కాదు. నేటి చిక్కులలో పెక్కు ఈ భేదమువలననే పుట్టుచున్నవి.

ఎఫ్.టి.పి.కి గల విశేషమేమనగా, అది ఒక సంబంధముతో గాక రెండు సంబంధములతో పని జరుపును. ధాన్యపు గిడ్డంగి నొకదానిని తలంచుడు. గుమాస్తా కిటికీయొద్ద కూర్చుండి, పేరడిగి, చీటి చూచి, అనుమతి నిచ్చును. బస్తాలు మాత్రము వేరొక వాకిట దిగును. అట్లే సర్వరుయొక్క 21వ నంబరు పోర్టువద్ద మాటలు మాత్రము జరుగును. దీనిని ఆజ్ఞాసంబంధ మందుము. ఫైళ్లును, వాని పట్టికలును ప్రతి పర్యాయము క్రొత్తగా తెరువబడు రెండవ మార్గమున నడచును. ఇది దత్తాంశ సంబంధము. సరకు దిగిన పిమ్మట గుమాస్తా "ముట్టినది" అని చెప్పినగాని పని ముగిసినట్లు కాదు. కావున ఆటంకము కలిగినప్పుడు, ఆగినది గుమాస్తా మాటయా, బస్తాల బండియా అని మొదట తెలిసికొనవలెను.

ఇది తెలిసికొనుట కష్టము కాదు. సర్వరు చెప్పు ప్రతి మాటకు ముందు మూడంకెల సంఖ్య యుండును. మొదటి అంకె 2 అయినచో కోరినది నెరవేరినది. 4 అయినచో తాత్కాలికమగు ఆటంకము. 5 అయినచో నిరాకరణము. 230 అనగా ప్రవేశము దొరకినది. 530 అనగా దొరకలేదు. 226 ఫైలు ముట్టినదని తెలుపును. 425 దత్తాంశ సంబంధమును తెరువలేకపోయినట్లును, 426 అది నడుమ తెగినట్లును, 421 సర్వరు ఆజ్ఞాసంబంధమునే మూయుచున్నట్లును తెలుపును. పలువురు ఈ సంఖ్యలను చూడకయే మరల మరల మీట నొక్కుచుందురు. మేమును అట్లే చేసినవారము.

ప్రవేశము దొరకియు ఫైళ్ల పట్టిక రాక నిలిచిపోవుట మొదటి చిక్కు. యాక్టివ్ అను ప్రాత పద్ధతిలో దత్తాంశ సంబంధము కొరకు సర్వరే మన యంత్రమును తిరిగి పిలుచును. మన రౌటరుగాని ఫైర్‌వాలుగాని ఆ పిలుపును అపరిచితునిదిగా నెంచి వాకిటనే ఆపివేయును. దీనికి పాసివ్ అను పద్ధతి తగిన యుపాయము. అందు సర్వరు ఒక పోర్టు సంఖ్యను చెప్పును. మన యంత్రమే అచ్చటికి పోయి తలుపు తట్టును. ఫైర్‌వాలులకు ఇదియే అనుకూలమని స్టీవెన్ బెల్లోవిన్ గారు 1994లో ప్రకటించిన పత్రమున సూచించిరి. పాసివ్ పద్ధతిలోను పట్టిక రానిచో సర్వరు వైపు చూడవలెను. రౌటరు వెనుకనున్న సర్వరు ఒక్కొక్కప్పుడు 192.168 అని మొదలగు తన లోపలి చిరునామాను చెప్పును. అది వెలుపలివారికి పనికిరాదు. అప్పుడు సర్వరు నిర్వాహకుడు బయటి చిరునామాను నమోదు చేసి, పాసివ్ పద్ధతికి కొన్ని పోర్టులను నియమించి, వానిని ఫైర్‌వాలులో తెరువవలెను.

రెండవ చిక్కు మాకు సంభవించినది. మా ఫైలు 600 మెగాబైట్లు. పాఠశాలనుండి వెలుపలికి పంపు వేగము సెకనుకు 2 మెగాబిట్లు. బైటునకు 8 బిట్లు గాన 4,800 మెగాబిట్లు పోవుటకు 2,400 సెకనులు, అనగా 40 నిమిషములు పట్టును. అంతసేపును బండి నడచుచునే యున్నది. కిటికీయొద్ద మాత్రము మాట లేదు. రౌటరు తన గుండా పోవు సంబంధములను ఒక పట్టికలో వ్రాసికొని, కొంతకాలము కదలిక లేనివానిని కొట్టివేయును. మా రౌటరు ఆజ్ఞాసంబంధమును అట్లు కొట్టివేసెను. ఫైలు సంపూర్ణముగా ముట్టెను. సర్వరు 226 అని చెప్పెను. ఆ మాట మాకు చేరలేదు. మా ప్రోగ్రాము కొంతసేపు వేచి, పని చెడినదని తలంచి, అదే పేరుతో మొదటినుండి మరల పంపసాగెను. దానితో అచ్చటనున్న పూర్తి ఫైలు తుడిచిపెట్టబడెను. రెండవ పంపకము ముగియవచ్చు వేళకు సాయంకాలమయ్యెను. కార్యాలయము మూయుచు యంత్రము నాపినవారము మేమే. అచ్చుకూటమువారికి చివర తెగిన ఫైలు మిగిలెను. వారు దానిని మరమ్మతు చేయు సాధనముతో తెరచి, దొరకిన పుటలను అచ్చువేసిరి. విద్యార్థి కన్నులార చూచినది మొదటి పంపకమును.

ఇట్టిదానికి ఉపాయములు మూడు కలవు. మొదటిది, ఆజ్ఞాసంబంధముపై నడుమనడుమ పలుకరింపు పంపునట్లు ప్రోగ్రామును అమర్చుట. లినక్సులో ఈ పలుకరింపు మామూలుగా 7,200 సెకనులకు గాని మొదలుకాదు. కావున ఆ వ్యవధిని తగ్గింపవలెను. రెండవది, పెద్ద ఫైలును భాగములుగా చేసి, ఒక్కొక్క భాగము కొలది నిమిషములలో పోవునట్లు చూచుట. మూడవది, తెగినప్పుడు మొదటినుండి గాక తెగినచోటినుండి సాగించుమని ప్రోగ్రామునకు ముందే చెప్పియుంచుట.

ఇక మందగమనము. మొదట కొలతను సరిచూడవలెను. 8 మెగాబిట్ల వేగమనగా సెకనుకు ఒక మెగాబైటు మాత్రమే. 100 మెగాబైట్లు 100 సెకనులలో పోయినచో అది తెగులు కాదు. అంతకంటె మెల్లగా పోయినచో వై-ఫై విడిచి తీగతో కలిపి చూడవలెను. వేయి చిన్న ఫైళ్లు పంపునప్పుడు దత్తాంశ సంబంధమును వేయిసారులు తెరచి మూయవలసి వచ్చును. వానిని ఒక్క జిప్ మూటగా కట్టినచో ఆ ఆలస్యము తప్పును. దూరమును ఒక కారణమే. జవాబునకు వేచియుండకుండ ఒక్కసారి 65,535 బైట్లు మాత్రమే పంపు ప్రాత అమరిక గల యంత్రమున, జవాబు వచ్చుటకు సెకనులో ఐదవవంతు పట్టినచో, తీగ ఎంత గొప్పదైనను సెకనుకు 2.6 మెగాబిట్లు దాటవు. ఈ పరిమితిని పెంచు విధానము 1992లోనే ప్రకటింపబడినది. దానిని అమలులో నుంచవలెను.

పరీక్షించునప్పుడు ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. మొదట చిన్న ఫైలును పంపుడు. పిదప పెద్దదానిని పంపుడు. పిదప అదే ఫైలును మరియొక యింటర్నెట్టు మార్గమున పంపుడు. ప్రతి పర్యాయము కాలమును, చివరి సంఖ్యను కాగితముపై వ్రాసికొనుడు. రెండు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది ఫలించెనో తెలియదు.

ఫైలు చేరిన పిమ్మట రెండు చోట్లను దాని పరిమాణమును బైట్లలో పోల్చవలెను. చిత్రములను, జిప్ మూటలను బైనరీ పద్ధతిలోనే పంపవలెను. ఆస్కీ పద్ధతిలో పంక్తుల చివరి గుర్తులు మారి ఫైలు చెడును. మరియు సాదా ఎఫ్.టి.పి.లో రహస్యపదము బట్టబయలుగా పోవును. క్రోము, ఫైర్‌ఫాక్సు బ్రౌజరులు రెండును 2021లో దీనిని విడిచినవి. వీలున్నచోట ఎస్.ఎఫ్.టి.పి.ని వాడుట మేలు. అది వేరొక నియమావళి. 22వ పోర్టున ఒకే సంబంధముతో, గుప్తముగా నడచును గాన రెండు వాకిళ్ల చిక్కు దానికి లేదు.

విద్యార్థులారా, యంత్రము ఆగినప్పుడు మనుష్యుని నిందించుట సులభము. లాగ్ ఫైలును చదువుట కష్టము. మేము సులభమైనదానిని ముందు చేసితిమి. తరగతి యెదుట మందలించిన విద్యార్థిని ఆ తరగతి యెదుటనే క్షమింపుమని కోరితిమి. నాడు అచ్చుపడని పండ్రెండు పుటలును ఈ సంచిక తుదిని చేర్చబడినవి. ఈ యేడు సంచికను ఎనిమిది భాగములుగా చేసి అచ్చుకూటమునకు పంపినవాడును అతడే. ప్రతి భాగమునకు 226 వచ్చినదని చూచి, పరిమాణములను సరిపోల్చిన పిమ్మటనే మేము యంత్రము నాపితిమి.