మన పిల్లలు నడిపే స్పిట్‌ఫైర్, నిజాం సొమ్ము

పద్మనగర్‌లో కొన్ని ఇళ్లలో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చొని, రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానంలో ఊళ్లు తిరుగుతున్నారు. ముంబయిలో లేచి, భివండి మీదుగా హైదరాబాద్‌కు. "ఇదేం ఆట?" అని పెద్దలు అడిగితే మేమూ పక్కన కూర్చొని చూశాం.

30,000 అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. చలి మైనస్ 44 డిగ్రీల దగ్గర. ఇంజన్‌కు గాలి చాలదు కనుక సూపర్‌చార్జర్ అనే పంకా గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. ఇంకో చిత్రం, మీటరు 200 మైళ్లు చూపుతుంటే విమానం నిజంగా 320 మైళ్ల పైనే పోతుంటుంది. పలచటి గాలి మీటరును గట్టిగా నెట్టలేదు. ఈ లెక్క తెలియక ఒక పిల్లవాడు హైదరాబాద్ దాటి నల్గొండ దాకా పోయాడు!

అసలు పైలట్‌కు ఆక్సిజన్ అందకపోతే అక్కడ ఒకటి రెండు నిమిషాల్లో తెలివి తప్పుతుంది. మన పిల్లలకు కరెంటు పోవడమే ఆపద.

ఈ విమానంతో మనకు చుట్టరికమూ ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అని పేరు. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తు అది. చిహ్నంలో నిజాం తలపాగా కూడా ఉంది. 1940లో బ్రిటన్ ఆకాశంలో, 1944లో బర్మాలో ఆ దళం స్పిట్‌ఫైర్‌లతోనే పోరాడింది. ఆ విరాళం వెనుక ఎవరి శిస్తు ఉందో, ఆ రాజ్యం విడిచి మగ్గం పనికి ఇటు వచ్చిన మన తాతలకు బాగా తెలుసు.

సంఘం ఆఫీసు కంప్యూటర్ పాతది, దాని మీద ఈ ఆట నడవదు. మీ ఇంట్లో మనవడు నడుపుతుంటే ఆ స్క్వాడ్రన్ పేరు వాడికి చెప్పండి.