రాతి మీద పేరుంటేనే యాది
నిరాయుధులుగా బలైన వారికి నిలిచిన గుర్తులు

రుద్రంగి: ఈ ఊరి నుంచి కోరుట్ల వైపు వెళ్లినా, చందుర్తి, వేములవాడల మీదుగా సిరిసిల్ల వెళ్లినా దారిలో విగ్రహాలు, స్తూపాలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో నాయకులవి కొన్ని, పోరాటాలలో ఒరిగిన వారివి కొన్ని. విధి నిర్వహణలో చనిపోయిన పోలీసులకు ఏటా అక్టోబరు 21న వందన సమర్పణ జరుగుతుంది.

ఏ ఆయుధమూ పట్టకుండా, బస్సు కోసం నిలబడో, పిల్లలతో పార్కుకు వెళ్లో ప్రాణాలు పోగొట్టుకున్న వారి సంగతి వేరు. వారి వెనుక పార్టీ లేదు, శాఖ లేదు, జెండా లేదు. తలచుకునేది ఇంటివారే. ఇంట్లో పెద్దలు పోతే ఆ పేరు కూడా పోతుంది. అటువంటి వారి కోసం గుర్తులు నిలిపిన చోట్లు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి, సముద్రాల అవతలా ఉన్నాయి.

బురుజే సాక్ష్యం

ఉగ్రవాదం అన్న మాట పల్లెల వాడుకలోకి రాకముందే ఆ పని ఎట్లా ఉంటుందో తెలంగాణ పల్లెలు చూశాయి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి అందుకు సాక్ష్యం. రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకుంటున్న రోజులవి. బైరాన్‌పల్లి ప్రజలు బురుజు మీద కాపలా పెట్టుకుని ఒకటికి రెండుసార్లు వారిని తిప్పికొట్టారు. ఆ కక్షతో 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం బలగాలు కలిసి ఊరిని చుట్టుముట్టాయి. బురుజు మీద ఫిరంగులు పేలాయి. పట్టుబడిన వారిని వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. పక్కనున్న కూటిగల్లు మీద కూడా అదే రోజు దాడి జరిగింది.

అప్పటికి నిజాం ప్రభుత్వం లొంగిపోవడానికి మిగిలింది 21 రోజులే. సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగింది. ఈ దారుణాలు మతం చూసి ఆగలేదు. బైరాన్‌పల్లి దాడికి ఆరు రోజుల ముందు, ఆగస్టు 21 రాత్రి, రజాకార్ల తీరును ఎండగట్టిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదులో హతమార్చారు.

బైరాన్‌పల్లిలో ఆ బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆగస్టు 27 వచ్చిందంటే అక్కడ నివాళులర్పిస్తారు. మృతులు 118 మంది అని ఎక్కువగా చెబుతారు. అయితే చెప్పే వారిని బట్టి, రాసిన పుస్తకాన్ని బట్టి ఆ లెక్క మారుతూ ఉంటుంది. ఊరు ఊరంతా ఏడుస్తున్న ఆ రోజుల్లో పేరు పేరునా లెక్క రాసే వారెవరు?

పరకాలకు 56 ఏళ్లు పట్టింది

ఇప్పటి హనుమకొండ జిల్లాలోని పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరవేయడానికి చుట్టుపక్కల పల్లెల ప్రజలు ఊరేగింపుగా వచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. సంస్థానంలో మాత్రం జెండా పట్టడమే నేరం. నిజాం పోలీసులు, రజాకార్లు జరిపిన కాల్పులలో 22 మంది చనిపోయారు. తెలంగాణ జలియన్‌వాలాబాగ్‌గా ఈ ఘటనను చెప్పుకుంటారు.

వారి గుర్తుగా అక్కడ ‘అమరధామం’ వెలిసింది 2003లో. ఆనాటి దృశ్యాన్ని కళ్లకు కట్టేలా అందులో విగ్రహాలు నిలిపారు. దాని నిర్మాణానికి పూనుకున్న చెన్నమనేని విద్యాసాగర్‌రావు ఈ ప్రాంతం వారే. మెట్‌పల్లి శాసనసభ్యుడిగా, కరీంనగర్ ఎంపీగా పనిచేసి కేంద్రంలో మంత్రి అయిన నాయకుడు. కాల్పులకు, కట్టడానికి మధ్య గడిచింది 56 ఏళ్లు. ఆ దినం జెండా పట్టుకు నడిచిన వారిలో అమరధామాన్ని చూసేందుకు మిగిలిన వారెందరో ఊహించవచ్చు.

నగరంలో పల్లె బిడ్డలు

హైదరాబాదులో 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ వద్దను బాంబులు పేలి 42 మంది చనిపోయారు. లుంబినీ పార్కులో లేజర్ షో చూడవచ్చి ప్రాణాలు విడిచిన వారిలో మహారాష్ట్రలోని సంగమనేరు నుంచి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులున్నారు. ఆపైన 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్టాపు దగ్గర ఒకటి, సినిమా హాలు దగ్గర ఒకటి, సైకిళ్లకు కట్టిన బాంబులు పేలాయి. 18 మంది మరణించారు. కోచింగులకని జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు గదులు తీసుకుని ఉండే చోటు దిల్‌సుఖ్‌నగర్. ఆ రాత్రి పల్లెలలో ఎందరో తల్లిదండ్రులు నిద్రపోలేదు.

కోర్టులు తమ పని చేశాయి. 2007 కేసులో 2018లో ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016లో ఐదుగురికి మరణశిక్ష పడగా, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని ఖాయం చేసింది. విచారణ సాగినన్నాళ్లూ నేరస్థుల పేర్లు పదే పదే వినిపించాయి. వారి పేర్లు నేటికీ చెప్పగలవారున్నారు. చనిపోయిన వారిలో ఒక్కరి పేరు చెప్పమంటే తడుముకోని వారు అరుదు.

పరాయి ఊరు చూపిన దారి

ఈ విషయంలో ఐర్లండులోని ఒక చిన్న పల్లె కథ చెప్పుకోదగినది. 1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా విమానం ‘కనిష్క’ బాంబు పేలుడుతో ఐర్లండు తీరానికి దూరంగా సముద్రంలో కూలింది. 329 మంది మరణించారు. ఎక్కువ మంది భారత సంతతి వారు. మరుసటి ఏడాదికల్లా అహాకిస్తా అనే తీర గ్రామంలో స్మారకవనం సిద్ధమైంది. మృతులలో ఆ ఊరి వారెవరూ లేరు. అయినా ఏటా జూన్ 23 ఉదయం మృతుల బంధువులతో కలిసి ఆ ఊరివారు అక్కడ నిలబడతారు.

న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11 దాడులలో కూలిన జంట భవనాల చోట రెండు పెద్ద నీటి కొలనులు కట్టారు. 2011లో అవి సిద్ధమయ్యాయి. చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లున్నాయి. 1993లో అదే చోట జరిగిన బాంబు దాడిలో చనిపోయిన ఆరుగురి పేర్లూ వాటిలో ఉన్నాయి. కలిసి పనిచేసిన వారి పేర్లు, స్నేహితుల పేర్లు పక్కపక్కనే వచ్చేలా కుటుంబాలను అడిగి మరీ చెక్కారు. ఎవరి పుట్టినరోజు వస్తే వారి పేరు మీద ఆ రోజు ఒక తెల్ల గులాబీ ఉంచుతారు. చనిపోయిన వారి సంఖ్య పెద్దదే. అయినా అక్కడికి వెళ్లిన వారు చదివేది ఒక్కొక్క మనిషి పేరే.

ఖర్చు కాదు, పట్టింపు

అంతటి కట్టడాలు పల్లెలకు సాధ్యం కావు, అవసరమూ లేదు. బొడ్రాయికి ఎంత రాయి కావాలి? ఆ చిన్న రాయిని ఏ ఊరూ మరువలేదు. చనిపోయిన వారి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఏ రోజు ఎట్లా పోయారన్న ఐదు ముక్కలు చాలు. ఘటన జరిగిన ఏడాదిలోపే పంచాయతీ కాగితాలలో అవి రాసిపెడితే, రాయి నిలపడం పదేళ్లు ఆలస్యమైనా పేరు తప్పిపోదు. రాయి లేచిన తర్వాత దాని చుట్టూ గడ్డి పెరగకుండా చూడడం, ఏడాదికి ఒక్క రోజైనా బడి పిల్లలను తీసుకువెళ్లి ఆ పేర్లు చదివించడం ఊరి పని.

1948 నాటి రోజులను కళ్లారా చూసిన వారు ఇప్పుడు తొంభై ఏళ్లకు దగ్గర పడుతున్నారు. రుద్రంగిలోనైనా, మరే ఊళ్లోనైనా అటువంటి పెద్దలు ఇంకా అరుగు మీద కూర్చుని ఉంటే, వారి దగ్గర ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చోవలసిన సమయం ఇదే. అప్పుడు వారు చెప్పని పేరు ఆ తర్వాత ఏ శిల్పీ చెక్కలేడు.