ఆపత్సమయమున ప్రభుత్వవాణి

2018 జనవరి 13వ తేదీ, శనివారము ఉదయము 8 గంటల 7 నిమిషములకు హవాయి ద్వీపములలోని సెల్‌ఫోనులు ఒక్కమారుగా మ్రోగి, క్షిపణి యొకటి ద్వీపములమీదికి వచ్చుచున్నదనియు, తక్షణమే సురక్షిత స్థలమునకు చేరవలసినదనియు, ఇది అభ్యాసము కాదనియు ప్రజలకు తెలిపినవి. ఉత్తర కొరియా క్షిపణి ప్రయోగముల వార్తలతో అప్పటికే కలతచెందియున్న జనులు ఆ మాటను నమ్మిరి. నమ్మక యేమి చేయుదురు? చెప్పినది ప్రభుత్వము. తల్లిదండ్రులు పిల్లలను స్నానపు గదులలో దాచిరి. వీథిలోని మ్యాన్‌హోలు మూత నెత్తి పసివాండ్రను లోనికి దింపినవారు సైతము కలరు. నిజమునకు క్షిపణియు లేదు, ప్రమాదమును లేదు. అత్యవసర నిర్వహణ సంస్థలో ఒక జట్టు దిగి మరియొక జట్టు పనికెక్కువేళ జరిపిన అభ్యాసమును నిజమని తలచి ఒక ఉద్యోగి పంపిన హెచ్చరిక అది.

పొరపాటు మానవసహజము. నన్ను కలవరపెట్టునది దాని తరువాతి కాలము. హెచ్చరిక తప్పని గవర్నరు డేవిడ్ ఇగేకు 8 గంటల 9 నిమిషములకే తెలిసినది. ఆయన ట్విట్టర్ ఖాతానుండి ఆ మాట లోకమునకు తెలిసినది 8 గంటల 24 నిమిషములకు. ఖాతా పాస్‌వర్డు తనకు తెలియకపోవుటయు ఆ ఆలస్యమునకు ఒక కారణమని ఆయనయే తరువాత చెప్పెను. సంస్థ స్వకీయ ఖాతానుండి 8 గంటల 20 నిమిషములకు సవరణ నిచ్చినది గాని, హెచ్చరిక వచ్చిన సెల్‌ఫోనులకే సవరణ చేరుసరికి 8 గంటల 45 నిమిషములైనది. ముప్పదియెనిమిది నిమిషములు! హెచ్చరికకు నమూనా ముందే సిద్ధముగా నుండెను. దానిని ఉపసంహరించు సందేశమునకు మాత్రము ఎవరును నమూనా వ్రాసి యుంచలేదు.

ఈ ఆలస్యము ఎంత హానికరమో గ్రహించుటకు వదంతి నడకను పరిశీలింపవలెను. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన వొసూఘీ, రాయ్, అరాల్ అను ముగ్గురు పరిశోధకులు 2006 మొదలు 2017 వరకు ట్విట్టర్‌లో వ్యాపించిన దాదాపు 1,26,000 వార్తల గమనమును అనుసరించి, 2018లో ‘సైన్స్’ పత్రికలో తమ ఫలితములను ప్రకటించిరి. అసత్యవార్త ఇతరులకు పంపబడు అవకాశము సత్యవార్త కంటె 70 శాతము అధికము. 1,500 మందిని చేరుటకు సత్యమునకు పట్టిన కాలము అసత్యమునకు పట్టినదాని కంటె సుమారు ఆరురెట్లు. ఈ వేగమునకు యంత్రములు నడుపు బూటకపు ఖాతాలు హేతువు కావచ్చునని మన మనుకొందుము. వానిని తీసివేసి లెక్కించినను ఫలితము మారలేదు. అసత్యమున కొక కొత్తదనము కలదు; కొత్తది వినినవాడు పదుగురికి చెప్పక యుండలేడు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు గుర్తించిన మరియొక విషయము ఇంతకంటెను ముఖ్యమైనదని నా అభిప్రాయము. ఒక సంగతి అబద్ధమని తెలిసి, అంగీకరించిన పిమ్మట సైతము మనుష్యుని ఆలోచన కొంతవరకు ఆ అబద్ధమునే ఆధారముగా గొని సాగుచుండును. విన్న సంగతులతో మనస్సు కార్యకారణముల నొక కథగా అల్లుకొనును. అందుండి ఒక ముక్కను లాగివేసినచో అచట ఖాళీ యేర్పడును. ఖాళీని సహింపలేని మనస్సు పాత ముక్కనే మరల తెచ్చి పెట్టుకొనును. కనుక ‘ఈ వార్త అసత్యము’ అని ఎఱ్ఱసిరాతో ముద్ర వేసి ఊరకుండుట చాలదు. మరి జరిగినదేమో చెప్పవలెను. మన ప్రభుత్వ శాఖలు వెలువరించు ఖండన ప్రకటనలలో పెక్కింటికి ఈ రెండవ సగము లోపించుచుండుట విచారకరము.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పోలీసులు 2011 జనవరి వరదలలో ఈ పనిని చక్కగా నిర్వహించిరి. ఫేస్‌బుక్, ట్విట్టర్‌ల యందు రోడ్ల పరిస్థితిని, నీటిమట్టమును గూర్చి ఎప్పటికప్పుడు తెలుపుచు, వ్యాపించుచున్న పుకారులను పేరుపేరున పట్టుకొని, ప్రత్యేకమైన ఒక గుర్తుతో ఖండించిరి. ప్రతి వాక్యమునకు పై అధికారి సంతకముకై వేచియుండక, సమాచార సిబ్బందికే స్వేచ్ఛ నొసగిరి.

అయితే వేగము నొసగిన మాధ్యమమే దొంగచేతికిని చిక్కగలదు. 2024 జనవరి 9న అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సామాజిక మాధ్యమ ఖాతాలో, బిట్‌కాయిన్ ఫండ్లకు అనుమతి లభించినదని ప్రకటన వెలువడినది. అది సంస్థ వ్రాసినది కాదు. బిట్‌కాయిన్ ధర వేయి డాలర్లకు పైగా ఎగసి, నిజము తెలియగానే రెండువేల డాలర్లకు పైగా పడిపోయెను. దుండగుడు సంస్థ కంప్యూటర్లలో చొరబడలేదు. నకిలీ గుర్తింపు కార్డు చూపి, ఆ ఖాతాతో ముడిపడిన ఫోన్ నంబరునకు కొత్త సిమ్ కార్డును సంపాదించెను. సిమ్ మారిన క్షణమున అసలు వ్యక్తి చేతిలోని ఫోను మూగవోవును. పాస్‌వర్డు మార్చుటకై వచ్చు సంకేతసంఖ్య, మనము నిత్యము ఓటీపీ యనుచున్నది, దొంగ ఫోనులో పడును. రెండవ అంచె ధ్రువీకరణ ఉన్నచో ఇది సాగెడిది కాదేమో. లాగిన్ కష్టమగుచున్నదని సిబ్బంది కోరి 2023 జులైలోనే దానిని తీసివేయించిరి. ఇచట గమనింపదగినది మరొకటి కలదు. దొంగ ప్రకటన 4 గంటల 11 నిమిషములకు వెలువడగా, 4 గంటల 26 నిమిషములకు సంస్థాధ్యక్షుడు గ్యారీ జెన్స్‌లర్ తన ప్రత్యేక ఖాతానుండి దానిని ఖండించెను. హవాయిలోను పావుగంటయే, ఇచటను పావుగంటయే. అచట ఉన్న ఖాతా తెరువలేక గడచిన కాలమది, ఇచట ఒక ఖాతా పోయినను రెండవది చేతిలోనుండుటచే దక్కిన కాలమిది. సెల్‌ఫోను నంబరుపై ఆధారపడని ధ్రువీకరణ, ఖాతాను తెరువగల ఇరువురు మువ్వురు బాధ్యులు, ముందే వ్రాసి యుంచిన సవరణ సందేశములు: వ్యయమునకు జంకవలసిన పనులు కావివి.

మన దేశమున ప్రభుత్వము మరియొక మార్గమును ప్రయత్నించినది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారములను గూర్చిన వార్తలలో ఏది అసత్యమో తన సంస్థయే నిర్ణయించునట్లు 2023లో ఐటీ నిబంధనలను సవరింపగా, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. నా మట్టునకు అది సరియైన తీర్పు. సాక్ష్యము చూపి తన మాట నిలుపుకొనుట ప్రభుత్వమునకు విధి. తనను గూర్చిన వివాదమున తానే న్యాయనిర్ణేత యగుట విధి కాజాలదు.

సాక్ష్యము చూపి నమ్మకము గెలిచిన ఉదాహరణము మన తెలంగాణలోనే కలదు. 2018 వేసవిలో పిల్లల నెత్తుకుపోవు ముఠాలు దిగినవను వాట్సాప్ వదంతులు దేశమంతట వ్యాపించి, ఇరువదిమందికి పైగా నిర్దోషులు మూకల చేతిలో హతులైరి. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి అప్పటికే పల్లెపల్లెకు ఒక పోలీసును కేటాయించి యుండిరి. ఎండకాలమున ఆరుబయట మంచములు వేసికొని పండుకొను జనులు పొద్దుగూకగానే లోపల తలుపులు బిగించుకొనుచుండుట చూచి, ఆ పోలీసులు సంగతేమని విచారింపగా వాట్సాప్ దృశ్యములు బయటపడినవి. వెంటనే పోలీసులు గ్రామ వాట్సాప్ గ్రూపులలో చేరి, ఆ దృశ్యములు నిజము కావని వివరించిరి. కళాకారులు డప్పు కొట్టి, పాట పాడి ఆ మాటనే ఊరూర వినిపించిరి. సందేహము కలిగినవారికి ఫోను చేయుటకు పేరెరిగిన పోలీసు ఊరిలోనే యుండెను. దేశము నానామూలల హత్యలు జరుగుచుండగా ఆ పల్లెలలో అట్టి మరణము ఒక్కటియు సంభవింపలేదు.